పలమనేరు చలికి కోడిపిల్లలు చనిపోతున్నాయి, అమెరికా నుంచి నీళ్లు వేడిచేసే డ్రింకర్ తెప్పించాలా?

పలమనేరు_కోళ్లు:

అందరికీ నమస్కారం. మాది పలమనేరు పక్కన పల్లె. ఇంటి వెనక 30 దాకా నాటుకోళ్లు ఉన్నాయి, మూడేళ్లుగా సాకుతున్నాను. వాటితో పాటు గ్రామప్రియ రకం కోడిపిల్లలు తెచ్చి ఏడెనిమిది వారాలు పెంచి అమ్మడం పోయిన ఏడాది మొదలుపెట్టాను. ఆగస్టులో తెచ్చిన 60 పిల్లల్లో 57 బతికాయి. అదే ధైర్యంతో డిసెంబరులో ఇంకో 60 తెచ్చాను, అయిదు రోజుల్లో 19 పోయాయి.

మూడో రోజు తెల్లవారి అయిదున్నరకు షెడ్డు తలుపు తీస్తే పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దలా ఉన్నాయి. పైవాటిని ఒక్కొక్కటే చేత్తో తీసి పక్కన పెడుతుంటే అడుగున నాలుగు నలిగిపోయి కనిపించాయి. అందులో ఒకదాని కాళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి, అంటే అది పోయి ఎంతోసేపు కాలేదు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు రుద్దాను, లేవలేదు. ఆ పక్కనే డ్రింకర్ ఉంది, నీళ్లలో వేలు పెడితే జిల్లుమంది. రాత్రంతా ఈ నీళ్లు తాగే పిల్లలకు చలి పట్టిందని నాకు అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

మా అక్క అమెరికాలో ఉంటుంది. వాళ్ల వీధిలో ఎవరో కోళ్లకు కరెంటుతో నీళ్లు వేడిచేసే డ్రింకర్ పెట్టారట, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి పెట్టెలో పెట్టుకొస్తానంటోంది. తెమ్మనాలా వద్దా? అది వచ్చేదాకా బకెట్లో హీటర్ రాడ్ పెట్టి ఆ నీళ్లే పైపుతో డ్రింకర్లకు వదలమని మా పక్కింటాయన అంటున్నాడు, రాడ్ రాత్రంతా వేసి ఉంచితే ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది. పెద్ద కోళ్లు కూడా గుడ్లు తగ్గించేశాయి, రోజుకు పది వచ్చేవి ఇప్పుడు నాలుగు కూడా రావడం లేదు. అదీ చన్నీళ్ల వల్లేనా? జనవరిలో ఇంకో బ్యాచ్ తేవాలని డబ్బు పక్కన పెట్టుకున్నాను, మళ్లీ ఇలాగే జరిగితే తట్టుకోలేను. తెలిసినవాళ్లు చెప్పండి.

బంగారుపాళ్యం_రైతు:

తమ్ముడూ, మిగతా సంగతి తర్వాత, ముందు ఆ రాడ్ ఆలోచన మానేయి. రాడ్ అంటే వెయ్యి, పదిహేను వందల వాట్లు. నీళ్లు గీత కంటే కిందికి దిగితే రాడ్ కాలిపోతుంది, ప్లాస్టిక్ బకెట్ అయితే కరిగిపోతుంది, కాయిల్ ఎక్కడైనా చిట్లితే ఆ నీళ్లకంతా కరెంటు వస్తుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా షెడ్డులోకి పోయేది మనమే, పిల్లలు కూడా పోతుంటారు. కాచిన నీళ్లు కావాలంటే పొయ్యి మీద కాచుకో, రాడ్‌తోనే కాచాలంటే స్విచ్ ఆపి ప్లగ్ పీకిన తర్వాతే నీళ్లు ముట్టుకో. కోళ్ల దగ్గర మాత్రం రాడ్ వద్దు.

చంద్రగిరి_నుంచి_మిన్నెసోటా:

మాది చంద్రగిరి, పదేళ్లుగా అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాం, పెరట్లో ఎనిమిది పెట్టలు ఉన్నాయి. మీరు అడుగుతున్న డ్రింకర్ నా దగ్గర ఉంది కాబట్టి అది ఏం చేస్తుందో, ఏం చెయ్యదో చెప్తాను, విన్నాక తెప్పించాలో వద్దో మీకే తెలుస్తుంది.

అది చూడ్డానికి దోసె పెనం అంత గుండ్రటి ఇనుప పీట. లోపల చిన్న కాయిల్, దానికో థర్మోస్టాట్. నా దగ్గర ఉన్నది 125 వాట్లది. దాని మీద రేకు డ్రింకర్ పెడతాం, ప్లాస్టిక్‌ది పెట్టకూడదని దాని మీదే రాసి ఉంటుంది. అసలు విషయం ఆ థర్మోస్టాట్‌లో ఉంది. చలి 35 ఫారెన్‌హీట్ దగ్గరికి, అంటే మన లెక్కలో 2 డిగ్రీలకు కాస్త తక్కువకు దిగితే తప్ప ఆ కాయిల్ వెలగదు. వెలిగినా నీళ్లు వెచ్చబడవు, గడ్డకట్టకుండా ఆగుతాయి, అంతే. జనవరి పొద్దున నేను ఆ నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. కోళ్లు మాత్రం హాయిగా తాగుతాయి. పెద్ద కోడికి చల్లటి నీళ్లతో ఇబ్బంది లేదు, నీళ్లే లేకపోతే ఇబ్బంది. ఇక్కడ మైనస్ 20 డిగ్రీల రోజుల్లో మామూలు డ్రింకర్ బయట పెడితే గంట రెండు గంటల్లో పైన పలక కట్టేస్తుంది, కోడి ముక్కుతో టకటకా పొడిచి పొడిచి వెళ్లిపోతుంది. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే, ఒక పూట నీళ్లు అందకపోయినా గుడ్ల లెక్కలో తెలిసిపోతుంది. ఈ పీట కొనక ముందు రెండు రబ్బరు తొట్లు పెట్టుకుని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మార్చేవాళ్లం, గడ్డకట్టినదాన్ని ఇంట్లోకి తెచ్చి బోర్లించి కాలితో తొక్కితే మంచు పలక ఊడి పడేది.

పలమనేరులో డిసెంబరు రాత్రి ఎంత చలి? 14, 15 డిగ్రీలు, మరీ చలి పెట్టిన రాత్రి ఇంకొంచెం కిందికి. అంటే మీ అక్క అంత దూరం నుంచి మోసుకొచ్చిన పీట మీ షెడ్డులో ఒక్క రాత్రి కూడా వెలగదు.

ఇంకోటి, ఇది ప్రమాదం కాబట్టి శ్రద్ధగా వినండి. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్ మార్చి గుచ్చితే సరిపోతుంది అనుకుంటారు. కాయిల్ అదే, వోల్టేజి దాదాపు రెట్టింపు, అప్పుడు వేడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలు అవుతుంది. 125 వాట్ల పీట 450 దాటుతుంది. కింద ఊక, పక్కన తాటాకో గోనెపట్టో ఉన్న షెడ్డులో అది నిప్పే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు గానీ అవసరమే లేనిదానికి అంత ఖర్చు ఎందుకు?

ఇక్కడ చలికాలంలో నేను నేర్చుకున్నది ఒకటి మీకు పనికొస్తుందేమో. మొదటి ఏడాది చలికి భయపడి గూటి సందులన్నీ మూసేశాను. కోళ్ల ఊపిరి, రెట్ట, లోపల పెట్టిన నీళ్లు, ఆ తేమంతా బయటికి పోయే దారి లేక కప్పుకు లోపలి వైపు మంచు పట్టింది, పుంజుకు జుట్టు కొసలు నల్లబడి రాలిపోయాయి. పక్క ఇంటి ముసలాయన వచ్చి పైన కిటికీలు తెరిపించి, డ్రింకర్ బయట పెట్టించాడు. మరుసటి ఏడాది అంతే చలి, ఒక్క కోడికీ ఏమీ కాలేదు. పొడిగా ఉంటే కోడి గట్టి చలినైనా ఈకలు పొంగించుకుని ఓర్చుకుంటుంది, తడిస్తే ఓర్చుకోలేదు.

మీ పిల్లలు నీళ్ల వల్ల పోలేదు అనిపిస్తోంది. మూలకు చేరి ముద్దయ్యాయంటే వాటికి వేడి చాలలేదు. బల్బు సంగతి మీరు రాయలేదు.

తిరుపతి_వెట్:

పైన చెప్పినదే నా అనుమానం కూడా. తిరుపతిలో పశువైద్యం చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం. కొన్ని విషయాలు చెప్పండి అన్నా, దాచకుండా. బల్బులు ఎన్ని, ఎన్ని వాట్లు, నేల నుంచి ఎంత ఎత్తులో వేలాడదీశారు? పిల్లల చుట్టూ రేకో అట్టో గుండ్రంగా కట్టారా, లేక షెడ్డంతా వదిలేశారా? కింద ఏం పరిచారు? పరదాలు ఎలా కట్టారు? పిల్లల్ని ఎక్కడి నుంచి, ఎలా, ఎంతసేపు ప్రయాణం చేయించి తెచ్చారు, వచ్చాక మొదట ఏం పెట్టారు? అన్నిటికంటే ముఖ్యం, ఆగస్టు బ్యాచ్‌కూ డిసెంబరు బ్యాచ్‌కూ మధ్య షెడ్డులో మీరు ఏం మార్చారు?

పలమనేరు_కోళ్లు:

అందరికీ థ్యాంక్స్. అక్కకు ఇప్పుడే ఫోన్ చేసి డ్రింకర్ వద్దని చెప్పేశాను. రాడ్ కూడా పెట్టను.

తమ్ముడూ, అడిగినవన్నీ చెప్తున్నా. షెడ్డు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, నాలుగు మూలలతో ఉంటుంది. చుట్టూ ఏమీ కట్టలేదు, సగం షెడ్డు పిల్లలకే వదిలాను. నాలుగు వైపులా టార్పాలిన్ పైనుంచి కింది దాకా దించి ఇటుకలు పెట్టాను, గాలి దూరకుండా. కింద చెనక్కాయ పొట్టు, మా ఇంట్లోదే, మెషీన్ ఆడించాక మూటలు కట్టి వసారాలో పెట్టినది. నవంబరు వానలకు ఒకటి రెండు మూటలు తడిశాయి, ఎండబెట్టే వాడాను. పిల్లల్ని చిత్తూరు నుంచి సాయంత్రం బండి మీద అట్టపెట్టెలో తెచ్చాను. మొగిలి ఘాట్ ఎక్కేసరికి చీకటి పడింది, మంచు కూడా ఉంది, ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటింది. రాగానే మేత పోసి, మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు నీళ్లు పట్టి పెట్టాను.

బల్బులు రెండు. ఆగస్టులో 60 వాట్లవి రెండు పెట్టాను, ఆ బ్యాచ్ అయిపోయేలోపు రెండూ మాడిపోయాయి. డిసెంబరులో కొత్తవి కొనడానికి పోతే అంగట్లో పాత రకం లేవన్నారు, 60 వాట్లకు సమానం అని 9 వాట్ల ఎల్ఈడీ ఇచ్చారు. వెలుతురు ఇంకా ఎక్కువే వచ్చింది. కప్పుకు ఉన్న హోల్డర్లలోనే పెట్టాను, ఏడడుగుల ఎత్తు ఉంటుంది.

ఇప్పుడు మీరు అడిగిన ఆఖరి ప్రశ్నకు జవాబు రాస్తుంటే నాకే గుండె జారిపోయింది. మార్చినది ఆ బల్బు ఒక్కటే కదా?

తిరుపతి_వెట్:

అవునన్నా, అదే. ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. అట్ట మీద 60 వాట్లకు సమానం అని రాసేది వెలుతురు గురించి. పాత బల్బు తాగే కరెంటులో చాలావరకు వేడిగానే పోతుంది, ఇంట్లో అది దండగ, పిల్లల షెడ్డులో మనకు కావలసింది ఆ దండగ వేడే. ఎల్ఈడీ మొత్తం తాగేదే 9 వాట్లు. రెండూ కలిపి 18 వాట్లు, అవీ ఏడడుగుల పైన. అంటే ఆ రాత్రుల్లో మీ 60 పిల్లలకు వేడి అనేదే లేదు. ఆగస్టులో ఎత్తులో ఉన్నా సరిపోయింది ఎందుకంటే అప్పుడు గాలే వెచ్చగా ఉంది, బల్బు కొంచెం తోడైంది.

కోడిపిల్లకు పుట్టిన కొత్తలో ఒళ్లు వెచ్చగా ఉంచుకునే శక్తి ఉండదు. ఒంటి మీద ఉన్నది నూగు, ఈకలు కాదు. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 95 ఫారెన్‌హీట్, అంటే 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి 5 ఫారెన్‌హీట్ చొప్పున తగ్గించుకుంటూ పోవాలి, చలికాలంలో నాలుగు వారాల దాకా బల్బు తీయకండి. మీ దగ్గర బయట 15 ఉంటే ఆ తేడా 20 డిగ్రీలు. పిల్లకు 2 వాట్ల లెక్కన 60 పిల్లలకు 120 వాట్లు, అంటే పాత రకం 60 వాట్లవి రెండు. చలి ఎక్కువ కాబట్టి మూడోది కట్టి ఉంచుకోండి, అవసరమైతే వేస్తారు. ఒకటే పెద్ద బల్బు వద్దు, అర్ధరాత్రి అది మాడితే అంతా పోతుంది. రేకు గొడుగు కింద నేలకు అడుగున్నర ఎత్తులో గట్టి తాడుతోనో గొలుసుతోనో కట్టండి, వైరుతో వేలాడదీయకండి. బల్బు తెగి ఊకలో పడితే మంటలే.

థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ముద్దగా చేరి కీచుకీచుమని ఆగకుండా అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా గోడలకు అంటుకుని, నోరు తెరిచి రెక్కలు జార్చుకుని ఉంటే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు జరిగి ఉంటే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోంది. ఇక్కడ రెండు, అక్కడ మూడు పడుకుని, కొన్ని తింటూ కొన్ని తిరుగుతూ, సన్నగా కిచకిచమంటుంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి పన్నెండుకు ఒకసారి, తెల్లవారి నాలుగుకు ఒకసారి చూడండి, చలి గట్టిగా ఉండేది నాలుగు నుంచి ఆరు మధ్యే.

చుట్టూ అట్ట కట్టాలి, గుండ్రంగా. 60 పిల్లలకు అయిదారు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు సరిపోతుంది, రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెం జరుపుతూ పెద్దది చేయండి. మూల ఉంటే పిల్లలు మూలకే చేరతాయి, చేరినవాటి మీద ఇంకొన్ని ఎక్కుతాయి, అడుగున ఉన్నవాటికి ఊపిరాడదు. మీకు ఆ నాలుగు అలాగే పోయాయి.

ఇప్పుడు మీరు అడిగిన నీళ్ల సంగతి. పెద్ద కోళ్లకు చన్నీళ్లు పర్వాలేదు గానీ, ఒక రోజు పిల్లకు, అందులోనూ ఘాట్ మీద చలిలో బండెక్కి వచ్చినదానికి, ట్యాంకు నీళ్లు పెట్టడం సరి కాదు. ఆ విషయంలో మీ అనుమానంలో కొంత నిజం ఉంది. దానికి ఏ మెషీనూ అక్కర్లేదు. పిల్లలు వచ్చేముందు మూడు నాలుగు గంటల ముందే బల్బులు వేసి, నీళ్లు పోసిన డ్రింకర్లను ఆ అట్ట లోపలే పెట్టేయండి. పిల్లలు వచ్చేసరికి ఊకా వెచ్చబడుతుంది, నీళ్లూ గది వేడికి వస్తాయి. అందులో కొంచెం బెల్లం కలపండి. పెట్టెలోంచి ఒక్కొక్క పిల్లను తీసి ముక్కు కొనను నీళ్లలో ఒకసారి ముంచి వదలండి. అది తల పైకెత్తి మింగుతుంది, మింగిందంటే తాగడం నేర్చుకుంది. 60 పిల్లలకు పావుగంట పని, మానేయకండి. డ్రింకర్ పళ్లెంలో నాలుగు గులకరాళ్లు వేయండి, పిల్ల దిగి తడవకుండా. తడిసిన పిల్ల ఎంత బల్బు కింద ఉన్నా వణుకుతుంది. రెండు మూడు గంటలు నీళ్లు తాగాక కాగితం మీద మొక్కజొన్న రవ్వ చల్లండి. మీరు మేత ముందు పోశారు, దప్పికతో వచ్చిన పిల్ల ముందు పొడి మేత తింటే అరగదు. రాత్రి పడుకునే ముందు ఓ పది పిల్లల్ని పట్టుకుని మెడ కింద తిత్తి వేళ్లతో తడిమి చూడండి, నిండుగా మెత్తగా ఉంటే తిని తాగాయి, గట్టిగా ఉంటే నీళ్లు తాగలేదు, ఖాళీగా ఉంటే మేతే దొరకలేదు.

చెనక్కాయ పొట్టు ఒకసారి తడిసిందంటే ఎండబెట్టినా వాడొద్దు. దాని బూజు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయి నోరు తెరిచి ఎగశ్వాసతో చచ్చిపోతాయి. మీ 19లో అలా పోయినవి కూడా ఉండొచ్చు. కొత్త ఊక, రెండంగుళాలు. టార్పాలిన్ కింది నుంచి కట్టి పైన అడుగు వదలండి. పూర్తిగా మూస్తే రెట్ట ఘాటు నిలిచిపోతుంది. మీరు వంగి పిల్లల ఎత్తులో ముఖం పెట్టి చూడండి, కళ్లు మండితే వాటికీ మండుతున్నట్టే, ఆ తర్వాత గురక రోగం మొదలవుతుంది.

మళ్లీ పిల్లలు పోతే పారేయకండి. అప్పుడే పోయినవి రెండు మూడు ఐసు మధ్య పెట్టి మీ ఊరి పశువైద్యశాలకు గానీ, తిరుపతిలో మా కాలేజీకి గానీ తెండి. కోసి చూస్తే కారణం దొరుకుతుంది.

కుప్పం_లక్కమ్మ:

నేను కోళ్ల మధ్యే పుట్టి పెరిగినదాన్ని నాయనా, చదువు లేదు, మా మనవడు రాసిపెడుతున్నాడు. పిల్లలు పోయిన బాధ నాకు తెలుసు.

నీళ్లు వెచ్చగా కావాలంటే నీకు బోరు ఉందా? చలికాలం తెల్లవారుజామున బోరు ఆడించి చెయ్యి పెట్టి చూడు, గోరువెచ్చగా వస్తాయి, పైపు దగ్గర ఆవిరి కూడా లేస్తుంది. భూమిలోపల నీళ్లకు చలి తెలీదు. అవే నీళ్లు మిద్దె మీద ట్యాంకులో, సిమెంటు తొట్టిలో రాత్రంతా నిలబడితే ఐసు మాదిరి అయిపోతాయి. కాబట్టి రాత్రి నీళ్లు పారబోసి, తొట్టి పీచుతో రుద్ది, పొద్దున బోరు నీళ్లు పట్టి పెట్టు. పెద్ద కోళ్లు గూట్లోంచి దిగీదిగంగానే ఎగబడి తాగుతాయి. నేను ముప్పై ఏండ్లుగా చేసేది ఇదే. బోరు లేకుంటే బావి నీళ్లు.

సాయంత్రం మాపటేళ పెద్ద కోళ్లకు ఒక గుప్పెడు రాగులో, సజ్జలో, పగిలిన మొక్కజొన్నో ఎక్కువ వెయ్యి. కడుపు నిండా గింజ ఉంటే రాత్రంతా అరుగుతూ ఒళ్లు వెచ్చగా ఉంటుంది. గుడ్లు తగ్గేదానికి భయపడొద్దు. నాటుకోడి ఈక రాల్చే కాలంలో గుడ్డు ఆపేస్తుంది, కొన్ని పొదుగుకు కూచుంటాయి. సంక్రాంతి దాటి ఎండ పొడుగైతే మళ్లీ ఎత్తుకుంటాయి.

మా దిక్కు చలికంటే వానే చెడ్డది. కార్తీకంలో తుపాను పట్టి నాలుగు రోజులు ముసురు పెడితే గూడంతా చిత్తడి, అప్పుడే పిల్లలకు రక్తపారుడు వచ్చేది. డ్రింకర్ చుట్టూ కారి తడిసిన ఊక రోజూ తీసి పారేసి కొత్తది వెయ్యి. డ్రింకర్ కింద రెండు ఇటుకలు పెట్టి పిల్ల వీపు ఎత్తుకు లేపు, అప్పుడు కాళ్లతో చిమ్మవు.

నీకు 30 నాటుకోళ్లు ఉన్నాయన్నావు కదా, వాటిలో పొదుగుకు వచ్చిన పెట్ట ఉంటే కరెంటు కూడా అక్కర్లేదు. పది పన్నెండు పిల్లల్ని రాత్రి చీకట్లో, చప్పుడు చేయకుండా దాని రెక్కల కిందికి తోసెయ్యి. పగలు పెడితే పొడిచి తరుముతుంది, చీకట్లో పెడితే తెల్లారి తన పిల్లలే అనుకుంటుంది. నా దగ్గర మూడు పెట్టలు ముప్పై ఆరు పిల్లల్ని అట్లా లేపాయి. గంప కింద ఒక వారం ఉంచి తర్వాత ఎండలో వదులు.

కరెంటు పోతే ఏం చేస్తావు, అది కూడా ముందే అనుకో. నేను రెండు లీటర్ల సీసాల్లో వేడి నీళ్లు పట్టి, మూత గట్టిగా బిగించి, గోనెసంచి చుట్టి పిల్లల మధ్య పెడతా. పిల్లలు వచ్చి ఆనుకుని పడుకుంటాయి. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టొద్దు, పొగ కనపడకపోయినా ఊపిరి ఆగిపోతుంది, పిల్లలకూ మనకూ.

పలమనేరు_కోళ్లు:

అవ్వా, తమ్ముడూ, మిన్నెసోటా అన్నా, మీరు ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. బోరు ఉంది అవ్వా, ఈ పొద్దు అయిదింటికి ఆడించి చెయ్యి పెట్టాను, మీరు చెప్పినట్టే వెచ్చగా ఉన్నాయి. మూడేళ్లుగా ఆ నీళ్లను ట్యాంకుకు ఎక్కించి, అవి చల్లబడ్డాక తెచ్చి కోళ్లకు పోస్తున్నాను.

ఇంకొక్క మాట అడగాలి. 28వ రోజు కొక్కెర తెగులుకు లసోటా టీకా నీళ్లలో కలిపి పెట్టమన్నారు. చలికి ఆ నీళ్లు గోరువెచ్చగా చేసి కలపొచ్చా? ఆగస్టు పిల్లలకు మామూలు నీళ్లలోనే వేశాను.

తిరుపతి_వెట్:

మంచి ప్రశ్న అన్నా, అడగకుండా చేసి ఉంటే మందు దండగయ్యేది. వద్దు. అది బతికున్న వైరస్ టీకా, వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకే ఐసులో పెట్టి తెస్తాం. కలిపే నీళ్లు చల్లగా ఉండాలి, క్లోరిన్, బ్లీచింగ్ ఏదీ ఉండకూడదు, కొళాయి నీళ్లు వాడకండి. బోరు నీళ్లయినా రాత్రి పట్టి మూతపెట్టి ఉంచితే పొద్దుటికి చల్లబడతాయి, ఆ ఒక్క రోజుకు అవ్వ చెప్పినదానికి తిరగేసి చేయాలి. నీళ్లలో కొంచెం వెన్న తీసిన పాలపొడి ముందు కలిపి, తర్వాత టీకా కలపండి. అంతకుముందు గంట రెండు గంటలు పిల్లలకు నీళ్లు తీసేయండి, అప్పుడు అన్నీ ఒక్కసారిగా తాగుతాయి. రెండు గంటల్లో అయిపోయేంతే కలపండి. డ్రింకర్లు ముందు రోజు మంచినీళ్లతోనే కడగండి, సబ్బు, మందులు వద్దు. మొదటి వారంలో వేసే చుక్క మాత్రం ఒక్కొక్క పిల్లకు కంట్లోనో ముక్కులోనో చేత్తోనే వేయాలి.

పలమనేరు_కోళ్లు:

జనవరిలో తెచ్చిన బ్యాచ్ ఎలా ఉందో రాస్తున్నాను. ఈసారి డబ్బు భయంతో 40 పిల్లలే తెచ్చాను, పొద్దున పదింటికి చిత్తూరులో ఎక్కించుకుని, ఎండ ఉండగానే ఘాట్ దాటాను. పాత రకం బల్బులు పలమనేరులో నాలుగు అంగళ్లు తిరిగితే దొరికాయి, ఆరు కొని పెట్టుకున్నాను. అట్ట గుండ్రంగా కట్టాను, పైన పరదా అడుగు వదిలాను, డ్రింకర్లు పొద్దున ఆరింటికే బల్బు పక్కన పెట్టి పోయాను. ఒక్కొక్క పిల్ల ముక్కు ముంచుతుంటే మా పాప పక్కన కూచుని లెక్కపెట్టింది.

మొదటి రాత్రి రెండింటికి లేచి వెళ్లాను. తలుపు దగ్గర నిలబడి విన్నాను, అరుపుల్లేవు. లోపల చూస్తే పిల్లలు చెల్లాచెదురుగా, ఒక్కొక్కటీ కాళ్లు చాపి పక్కకు వాలి పడుకున్నాయి, ఒకటి మాత్రం డ్రింకర్ దగ్గర నీళ్లు తాగి తల పైకెత్తి మింగుతోంది. అక్కడే కాసేపు కూచున్నాను.

ఈ రోజుకు పదకొండో రోజు. 40లో 39 ఉన్నాయి. పోయిన ఒక్కటి రెండో రోజే పోయింది, కాలు వంకరతో వచ్చింది అది. అవ్వ చెప్పినట్టు ఒక పెట్ట కింద ఓ ఎనిమిది పిల్లల్ని వేసి చూద్దామని ఉంది గానీ అవి ఇప్పటికే పదకొండు రోజులవి, పెట్ట ఒప్పుకుంటుందా అవ్వా, లేక వచ్చే బ్యాచ్‌లో మొదటి రాత్రే వేయాలా?

కుప్పం_లక్కమ్మ:

ఇప్పుడు వద్దు నాయనా, అవి బల్బుకు అలవాటు పడ్డాయి, పెట్ట మాట వినవు, పెట్ట పొడుస్తుంది. వచ్చే బ్యాచ్‌లో మొదటి రాత్రే వెయ్యి. అప్పటికి పొదుగుకు వచ్చిన పెట్టను రెండు గుడ్ల మీద కూచోబెట్టి ఉంచు, మేతకూ నీళ్లకూ మాత్రం రోజూ లేవనీ.